బస్సు కిటికీలోంచి వినబడిన ‘చాలూ’

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఒక పెట్టెడు చచ్చిన ఈగలు. తూకం వేస్తే చిటికెడు ముక్కుపొడి కూడా ఉండదు. అయినా మోయలేకున్నాను. మీకు నవ్వొస్తే నవ్వండి. అప్పుడు నేను తప్పించుకున్నదీ నవ్వుతోనే.

ఎమర్జెన్సీ పోయిన ఏడాది. నాందేడ్‌లో ఎమ్మెస్సీ జువాలజీ. నేనూ, తెలుగూ మరాఠీ కలిసే సరిహద్దు ఊరు కర్ఖేలి నుంచి వచ్చిన విఠ్ఠలూ ఒకే గదిలో ఉండేవాళ్లం, ఒకే లాబులో పళ్ల ఈగలు పెంచేవాళ్లం. కొన్ని ఈగల్లో క్రోమోజోమ్ ముక్క ఒకటి తిరగబడి అతుక్కుని ఉంటుంది. దాన్ని ‘ఉల్టా’ అనేవాళ్లం, మామూలుదాన్ని ‘సీదా’. రెండు రకాలనూ ఒకే పెట్టెలో వదిలి, చాలీచాలని తిండికి పోటీ పెట్టి, తరాలు గడిచాక ఏది ఎంత మిగిలిందో చూడటం విఠ్ఠల్ పని. క్రోమోజోముల జతలో ఒకటి ఉల్టా, ఒకటి సీదా, రెండూ మోసే ఈగలే గట్టిగా బతుకుతున్నాయని అతనికి తేలుతూ ఉంది. నా ఈగలు మామూలుగా బతికి మామూలుగా చచ్చేవి. సార్ దగ్గర రిసెర్చికి ఒక్కటే సీటు.

క్రోమోజోములు చూడాలంటే లార్వా లాలాజల గ్రంథిని సూదితో లాగాలి. విఠ్ఠల్ ఇట్టే లాగేవాడు. నా చేతిలో అది పచ్చడయ్యేది. సార్ అతని మైక్రోస్కోప్ మీద వంగినప్పుడల్లా నేనొక జోకు వేసేవాణ్ని. సార్ తల ఎత్తేవాడు కాదు. అసూయ మంటలా ఉంటుందంటారు. నాకు ఆకలిలా ఉండేది, వేళకు వచ్చేది.

జొన్న కోతలకు ఊరెళ్తూ బస్సు కిటికీలోంచి అరిచాడు విఠ్ఠల్.

“అరే, నా పెట్టె చాలూ! యాదుంచుకో!”

“పో పో, నీ ఈగలకు జోలపాట గూడ పాడ్త.”

మరాఠీలో చాలూ అంటే నడుస్తూ ఉండాలని. అంటే తిండి గిన్నెలు వంతులవారీగా మారుస్తుండాలి. తెలుగులో చాలు అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. నేను మార్చలేదు. రోజూ ఆ పెట్టె పక్కనుంచే వెళ్లి నా ఈగలకు తిండి పెట్టుకున్నాను. మరచిపోయానా? లేదు. ఆ సాకు తరువాత తట్టిందా? అదీ కాదు, బస్సు స్టాండు దాటకముందే తట్టింది.

తిరిగొచ్చి పెట్టె అడుగున నల్లటి పొడి చూశాడు.

“ఏందిరా గిది?”

“నువ్వే గదరా చాలు అన్నవ్. చాలంటే బంద్ చేసిన.”

లాబంతా నవ్వింది. ఎవరో విడమరిచి చెప్పాక, తెలుగు రాని సార్ కూడా నవ్వాడు. అందరికంటే ఆఖరున విఠ్ఠల్ నవ్వాడు. “నాదే గల్తీ రా. తెలుగోనికి తెలుగుల చెప్పకపోతి.”

మళ్లీ మొదలుపెట్టే వ్యవధి లేదు. సీటు నాకు వచ్చింది. అతను కర్ఖేలిలో జొన్న వేస్తున్నాడు. కనబడితే ఇప్పటికీ ఆ జోకు తానే చెప్పి పక్కవాళ్లను నవ్విస్తాడు. నేనూ నవ్వుతాను. రెండూ మోసేదే బతుకుతుందని కదా అతని లెక్క? రెండు భాషలూ ఇద్దరికీ ఉన్నాయి. పోటీ నడుస్తోందని తెలిసింది మాత్రం నాకొక్కడికే.

క్షమించమని అడగడం లేదు. అతనికి చెప్పే ధైర్యమూ లేదు. ఒక్క వాక్యం రాస్తే ఊపిరాడుతుందని ఇంత దూరం వచ్చాను.

అతనన్నది మరాఠీ చాలూ. నాకు మరాఠీలోనే వినబడింది.