ఓడ కోసం ఆగిన కుర్చీ

డాలీగంజ్‌లో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండే ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. మా పెద్దలూ వాళ్ళ పెద్దలూ శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకు వచ్చినవాళ్ళు కావడమే చుట్టరికం. పోర్ట్ బ్లెయిర్ బజారులో మూడంతస్తుల పెద్ద షాపులో ఆమెకు సేల్స్ పని. ఆమె చూసే అంతస్తు నిండా కుర్చీలే. చేతులున్నవి, లేనివి, మడతపెట్టేవి, ఒకదాని మీద ఒకటి నిలువెత్తున పేర్చినవి. వాటి మధ్య పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆమె నిలబడి ఉండాలి. భోజనానికి అరగంట. అదీ మెట్ల కింద, అట్టపెట్టెల మీద.

డ్యూటీలో కూర్చుంటే సగం రోజు జీతం కోత. ఆమెకు అప్పటికే రెండుసార్లు కోశారు. మూడోసారి దొరికితే ఇంటికే అని సూపర్‌వైజర్ చెప్పేశాడు. మెయిన్‌లాండ్ నుంచి వచ్చి ఆర్నెల్లయిన మనిషి. మెరిసే బూట్లతో మూడంతస్తులూ తిరుగుతూ, చేతిలో ఫోనులో కెమెరాలు చూస్తూ ఉంటాడు.

వానాకాలం. ఆమె భర్త బోటును జంగ్లీఘాట్ రేవులో కట్టేసి ఇంట్లో ఉన్నాడు. ఆ నెలల్లో పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. కాళ్ళేమో సాయంత్రానికి వాచి చెప్పుల్లో పట్టడం లేదు. ఒక ఆదివారం మా వసారాలో, మా ఆవిడ ఇచ్చిన వేడి ఉప్పునీళ్ళ బకెట్లో పాదాలు పెట్టుకుని అంది.

"మా ఆయన సూస్తే ఇంట్లో కూకున్నాడు. నానేమో కుర్చీల కొట్లో నిలబడ్డాను. ఇదేటి లెక్కో దేవుడికే తెలాలి."

"డాక్టరు చీటీ చూపించలేదా?"

"సూపించాను. గంటకోపాలి కూకోవాలని రాశాడు గదా. 'దీదీ, ఆ డాక్టర్ సాబ్‌నే తనఖా ఇయ్యమను' అన్నాడా సూపర్‌వైజరు."

తనఖా అంటే ఇక్కడ జీతం. ఆంధ్రాలో లాగా నగలు కుదువ పెట్టడం కాదు, అయినా ఆమెకు రెంటికీ పెద్ద తేడా కనిపించేది కాదు.

ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. కస్టమర్ అడిగితే కుర్చీలో కూర్చుని చూపించవచ్చు. దానికి కోత లేదు. "మీరు రిటైరై కాలీగానే ఉన్నారు గదా. మూడింటికొకపాలి రండన్నయ్యా."

పత్రికాఫీసులో జీవితమంతా కూర్చునే సంపాదించిన వాణ్ణి. ఆ మాటకు కాదనలేకపోయాను. మర్నాడు మూడింటికి వెళ్ళి, కుర్చీ గట్టిదేనా అని నలుగురికీ వినపడేలా అడిగాను.

"సూడండి సార్," అంటూ ఆమె కూర్చుంది. పది నిమిషాలు లేవలేదు. ప్రశ్నలు అడగడం నా వృత్తి కనక నేనూ ఆపలేదు. ఎండకు రంగు పోతుందా, ఉప్పుగాలికి పెళుసవుతుందా, వెనక్కి వాలితే ఏమవుతుంది? ఆమె కళ్ళు మూసుకుని "అవదు సార్, అవదు సార్" అంటోంది. వారం తిరిగేసరికి పక్క కౌంటర్ల వాళ్ళిద్దరు కూడా "సార్, ఇదీ చూడండి" అని స్టూళ్ళతో రావడం మొదలుపెట్టారు.

సూపర్‌వైజర్ నన్ను ఆపాడు. "సర్, రోజ్ ఆతే హై, లేతే కుఛ్ నహీ." రోజూ వస్తారు, ఏమీ కొనరు అని.

"ఇంట్లో ఆవిడ ఒప్పుకోవాలి కదా భయ్యా," అన్నాను. నమ్మలేదు. ఇక ఆ డెమోలు సాగవని ఆమెకూ, పక్క కౌంటర్ల వాళ్ళిద్దరికీ అర్థమైంది.

మా దీవుల్లో ఒక అలవాటుంది. కాంప్‌బెల్ బే నుంచో హట్ బే నుంచో వచ్చిన దూరపు దీవులవాళ్ళు కుక్కరో ఫ్యానో కొని, చీటీ కట్టి షాపులోనే వదిలేస్తారు. ఓడ టికెట్ దొరికిన రోజు వచ్చి పట్టుకుపోతారు. సముద్రం బాగోక ఓడ ఆగిపోతే సామానూ ఆగిపోతుంది. ఎన్నాళ్ళున్నా ఎవరూ కదిలించరు.

మర్నాడు నేను ఆ గట్టి కుర్చీ కొనేశాను. ఆమె దానికి "కాంప్‌బెల్ బే, ఓడ వచ్చాక" అని చీటీ కట్టి, అంతస్తు మూలనున్న బీరువాల వెనక పెట్టుకుంది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఐదో రోజు మూడున్నరకు నాకు ఫోన్. సూపర్‌వైజర్. ఆమె నా కుర్చీలో కూర్చుని దొరికిపోయింది. మూడోసారి.

"సర్, కస్టమరే కూర్చోమన్నాడు అంటోంది. సచ్ హై క్యా?"

నా జవాబు మీద ఆమె ఉద్యోగం ఆధారపడి ఉంది. అప్పటికప్పుడు ఒక బావమరిదిని పుట్టించుకున్నాను.

"నిజమే భయ్యా. అది కాంప్‌బెల్ బేలో మా బావమరిదికి. మనిషి కాస్త భారీ. అక్కడికెళ్ళాక కాలు విరిగితే తిరిగి పంపడానికి మళ్ళీ ఓడ కావాలి. అందుకే రోజూ కూర్చుని చూడమన్నాను. విరిగితే మీరే మార్చివ్వాలి."

"ఎన్నాళ్ళు చూడాలి?"

"ఓడ వచ్చేదాకా."

"ఓడ ఎప్పుడొస్తుంది?"

ఈ ప్రశ్నకు దీవుల్లో ఎవరి దగ్గరా జవాబు లేదని ఆర్నెల్లలో అతనికీ తెలిసింది. ఫోన్ పెట్టేశాడు. ఆమె ఉద్యోగం నిలిచింది, ఆ నెల కోత కూడా పడలేదు.

తరవాతి వారం మూడింటికి వెళ్ళాను. ఆమె బీరువా పక్కన నడుం మీద చేయి పెట్టుకుని నిలబడి ఉంది. కుర్చీలో సూపర్‌వైజర్. బూట్లు విప్పి పక్కన పెట్టాడు. కాళ్ళు ఆమె కాళ్ళలాగే వాచి ఉన్నాయి. ఆరు నెలలుగా అతనికి కూడా షాపువాళ్ళు కుర్చీ ఇవ్వలేదని అప్పుడు తెలిసింది.

నన్ను చూసి లేవబోయి, లేవలేక, "టెస్టింగ్, సర్," అన్నాడు. "షిప్ రాలేదు కదా?"

"రాలేదు."

"అచ్ఛా హై," అని మళ్ళీ వెనక్కి వాలాడు.

"భయ్యా, మీ టైమైపోయింది. ఇది నా టైము," అంది ఆమె. అతను కదల్లేదు. ఆమె అతన్ని చూసింది, కుర్చీని చూసింది, చివరికి నావైపు తిరిగింది.

"అన్నయ్యా, కాంప్‌బెల్ బేలో మీ బావమరిది ఒక్కడేనా ఏటి? ఆయనకి పెళ్ళాం లేదా?"