నీళ్లతో పోయిన జింక్

ఆపరేషన్ జరిగిన ఏడాది నా భార్య పోగొట్టుకున్నవి ఇవి: చిన్నపేగులో సగానికి పైగా, పదకొండు కిలోల బరువు, దువ్వెన నిండా ఊడివచ్చిన జుట్టు, నాలుక మీది రుచి. తిన్నది ఒంటికి పట్టేంత పేగు మిగలలేదు కనుక రక్తనాళం ద్వారానే తిండి ఎక్కించాలన్నారు. పట్నం ఆస్పత్రి నుంచి పాలలా తెల్లటి ద్రవం నింపిన సంచులు ఐస్ డబ్బాల్లో మెదక్‌కు వచ్చేవి. ఎల్దుర్తి నుంచి ఒక నర్సమ్మ రోజూ సాయంత్రం వచ్చి, ఒక చిన్న సీసాలోని మందు అందులో కలిపి ఎక్కించేది. జింక్, రాగి, సెలీనియం ఆ సీసాలోవే. నేను ధాన్యం లారీలు తూచే కాంట దగ్గర పనిచేస్తాను. అయిదు కిలోల కన్నా తక్కువ తేడా మా కాంట చూపదు. మిల్లీగ్రాములను తిండి అనుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

పేగు కొసను పొట్ట మీదికి తీసి, దానికి మరో సంచి అంటించారు. గాయం మానితేనే పేగును మళ్లీ కలిపి కుడతామని, లేకుంటే ఆ సంచి ఎప్పటికీ ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు. గాయం మానలేదు. పైగా ఆమె నోటి చుట్టూ ఎర్రగా పుండ్లు లేచాయి.

సంచిలోకి నీళ్లలా వచ్చేదాన్ని ఆమె తలుపు వేసుకుని తానే పారబోసుకునేది.

"ఇయ్యాల ఎంత వోయింది అక్కా?" అని నర్సమ్మ అడిగేది.

"ఏమంత? జర్రంతే."

మా ఇళ్లలో ఆడవాళ్లు నొప్పిని గురించి అడిగినా, ఆకలిని గురించి అడిగినా ఇదే చెబుతారు. నర్సమ్మ ఆ మాటే ఫోన్లో డాక్టరుకు చేరవేసేది. ఆయన మామూలు మోతాదే పంపేవారు.

పుండ్ల ఫొటో చూసి ఆయన రక్తపరీక్ష చేయించారు. జింక్ బాగా తక్కువగా ఉంది. పోయే నీళ్లు కొలిచి చెప్పమన్నారు. నర్సమ్మ గీతలున్న జగ్గు తెచ్చింది. నా భార్య ముఖం తిప్పుకుంది.

"లారీలు సాలలేదా నీకు? నా పొట్టకు గూడ కాంట వెడ్తవా?"

"నేను సూడ. లోపట నువ్వే కొల్సి అంకె జెప్పు."

"చెప్తే నవ్వుతవు."

"లెక్క జూసి ఎన్నడన్న నవ్విన్నా?"

"గదే గదా నా పరేషాన్," అంది. నర్సమ్మ పక్కున నవ్వింది.

మర్నాడు తలుపు వెనక నుంచి అంకెలు వినబడ్డాయి. పొద్దున నాలుగొందలు. మధ్యాహ్నం ఏడొందలు. రాత్రికి కూడితే రెండు లీటర్లు దాటింది. నమ్మలేక మళ్లీ కూడి చూశాను.

ఆ నీళ్లతోనే జింక్ పోతోందని డాక్టరు చెప్పి, దాన్ని విడిగా పెంచారు. పుండ్లు ఎండాయి. ఒకరోజు నేను వండిన పప్పు ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "గింతగనం ఉప్పేసినవేంది?" అని ఉమ్మేసింది. నేను ఇంకో చెంచా అందించాను.

గాయం మానింది. పేగు కలిపి కుట్టారు. పొట్ట మీది సంచి పోయింది. జుట్టు కొంత పలచగానైనా వచ్చింది. రక్తనాళం తిండి ఇప్పటికీ వారంలో కొన్ని రాత్రులు ఎక్కుతుంది, జింక్‌తో సహా. తూకం చూసుకుని అంకె చెప్పేది ఇప్పుడు తానే, తలుపు తీసే ఉంచి. పదకొండులో ఏడు కిలోలు తిరిగొచ్చాయి. ఇంకా నాలుగు బాకీ.