తన చావు వార్త వినడానికి వచ్చిన నేతగాడు

అది 1999. ఒక తెలుగు దినపత్రికకు నేను వేలూరు విలేకరిని. తొరపాడి వెళ్ళే దారిలో ఒక మేడమీద రెండు గదులు మా ఆఫీసు. గుడియాత్తం, పేర్ణాంబట్టు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉండేవి కానీ, వాళ్ళు చదువుకున్నది తమిళ బడుల్లో. తెలుగు అక్షరం చదవగలిగినవాళ్ళు తక్కువ. అందుకే ఆ ప్రాంతంలో మా పత్రిక చదివేవాళ్ళకంటే, ఎవరైనా చదివితే వినేవాళ్ళే ఎక్కువ.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వార్త అంటే కవర్. మధ్యాహ్నం నాలుగింటికల్లా కాగితాలమీద రాసి, కవర్‌లో పెట్టి, తిరుపతి బస్సు కండక్టర్ చేతికి ఇచ్చేవాణ్ణి. తరువాత ఫ్యాక్స్ వచ్చింది. ఆ ఏడాది కంప్యూటర్, దానితోపాటు మోడెమ్ వచ్చాయి. మోడెమ్ అంటే టెలిఫోన్ తీగ ద్వారా కంప్యూటర్ మాటలను పంపించే చిన్న పెట్టె. నంబరు కలిసేటప్పుడు అది ఈల వేసి, గురగురలాడి, ఎక్కడో గాలివాన మొదలైనట్టు ఒక శబ్దం చేసేది. ఆ శబ్దం ఆగిందంటే నా వార్త వెళ్ళిపోయినట్టే. అలా నిమిషంలో మాయమయ్యే వార్తను తలుచుకుంటే నాకు కొన్నిసార్లు నేను నిజంగా రాశానా, రాసినట్టు కలగన్నానా అనిపించేది.

అప్పుడే మా పత్రికకు ఇంటర్నెట్‌లో ఒక పేజీ మొదలైంది. "ఇకమీదట వార్త అంటే రేపటిది కాదు, ఇప్పటిది" అని హెడ్డాఫీసు నుంచి రోజూ ఫోన్.

మార్గశిరంలో ఒక సాయంత్రం. పళ్ళికొండ దగ్గర హైవే దాటుతున్న ఒక మనిషిని లారీ గుద్దిందని, ప్రాణం పోయిందని, శవాన్ని వేలూరు ఆసుపత్రికి తెచ్చారని తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళాను. మనిషి దగ్గరున్న సంచిలో నేత సంఘం కార్డు దొరికింది. ఫోటో లేని కార్డు. పేరు మునిరత్నం, ఊరు గుడియాత్తం. సంచిలో ఉన్న వస్తువులన్నీ అలవాటుకొద్దీ నోట్ చేసుకున్నాను.

కవర్ రోజుల్లో అయితే గుడియాత్తంలోని మా స్ట్రింగర్‌కు, అంటే వార్తకింతని తీసుకుని పనిచేసే స్థానిక విలేకరికి, కబురు పెట్టి ఇంటివాళ్ళను అడగమనేవాణ్ణి. ఆరోజు అడగలేదు. మోడెమ్ ఎదురుచూస్తోంది. కార్డు ఉంది, పేరు ఉంది, ఇంకేం కావాలనుకున్నాను. ఆరు గంటలకల్లా మునిరత్నం చనిపోయిన వార్త ఇంటర్నెట్ పేజీలో ఉంది.

మర్నాడు పదకొండింటికి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. తలకు గళ్ళ తువ్వాలు, చొక్కామీద అక్కడక్కడ నూలు పోగులు. గుమ్మంలోనే ఆగి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూశాడు.

"పేపరు ఆపీసు ఇదేనా నాయనా?"

"ఇదే. రా అన్నా, కూర్చో. ఏం పని?"

"నా పేరు మునిరత్నం. గుడియాత్తం. నేను సచ్చిపోయినానని మీ పేపర్లో ఏసినారంట. యాడుండాది, రోంత సదివి జెప్పు."

కుర్చీ జరిపి కూర్చోబెట్టాను. ఆయనకు కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"నీకెవరు చెప్పారన్నా?"

"మా తమ్ముడు గోవిందు. బెంగుళూరులో మేస్త్రీ. వాళ్ళు కట్టే బిల్డింగులో ఒక తెలుగు ఇంజనీరు ఉండాడు. పొద్దున్నే కంప్యూటర్లో మీ పేపరు సూసి, మీ గుడియాత్తం వార్త ఉండాది మేస్త్రీ అని సదివినాడంట. వాడు మా వీధిలో ఫోను బూతుకు కొట్టినాడు. బూతాయన పిలిస్తే నేనే పోయి ఎత్తినాను."

"నువ్వే మాట్లాడావా?"

"మాట్లాడేదానికి వాడు యాడ వదిలినాడు? గొంతు గుర్తు పట్టలా. అన్న పోయినాడా, నిజమేనా అని ఏడస్తానే ఉండాడు. నేను కూడా ఊరికే నిలబడిపోయినానప్పా. నా కోసరం ఒకడు అట్లా ఏడవడం నేనెప్పుడూ ఇన్లేదు. యాడో దూరంగా నిలబడి, ఇంకెవురి చావో ఇంటా ఉండేటట్టు ఉండింది. శానాసేపటికి, ఒరే గోవిందా, నేనేరా అన్నా."

బయట ఎండ ఇంకా ముదరలేదు. చలి వీడని గాలిలో వీధి చప్పుళ్ళు నీళ్ళలోంచి వచ్చినట్టు మెత్తగా వినిపిస్తున్నాయి. నేను ఆనాటి పేపరు తీసి చదివాను. మూడు వాక్యాలు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఇంకొక తూరి సదువు."

మళ్ళీ చదివాను. తన పేరు వచ్చినప్పుడు ఆయన పెదాలు కొద్దిగా కదిలాయి.

"ఇంతేనా? యాభై అయిదేండ్లు బతికితే ఇంతేనా రాసేది?"

"ఇంకా రాశానన్నా. పేపర్లో చోటు చాలక కిందివి కోసేశారు. కంప్యూటర్లో మొత్తం ఉంటుంది."

"అయితే అదే సదువు. నేనెట్లా సచ్చినానో తెలుసుకోవాల గదా."

మోడెమ్ కలిపాను. గురగురల తరువాత తెల్లటి తెరమీద అక్షరాలు ఒక్కొక్క వరుసే, బావిలోంచి చేదతో తోడుతున్నట్టు పైకి వచ్చాయి. చదవడం మొదలుపెట్టాను. ప్రమాదం, ఆసుపత్రి, కార్డు. చివరి వాక్యం: "మృతుని వద్ద ఉన్న ఆకుపచ్చ సంచిలో రెండు లుంగీలు, చిన్నపిల్లల గులాబిరంగు గౌను ఒకటి ఉన్నాయి."

మునిరత్నం కళ్ళు తెరిచాడు.

"ఏం సంచి అన్నావు?"

"ఆకుపచ్చది."

"పచ్చ సంచి నాదే. కార్డు అందులోనే మరిసిపోయింటాను. గౌను..." ఆయన చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. "గౌను కన్నయ్యది. మనవరాలికని మొన్న సంతలో కొన్నాడు. నిన్న మధ్యాన్నం అణైకట్ పక్కన కూతురింటికి పోతానని, నా సంచి తెగిపోయింది, నీది ఇయ్యిరా అన్నాడు. నేనే ఇచ్చినా."

కన్నయ్య మునిరత్నం ఇంట్లోనే రెండో తరి మీద నేసేవాడు. మగ్గాన్ని అక్కడ తరి అంటారు. భార్య లేదు, ఒక్కడే ఉంటాడు. వెళ్ళాడు కాబట్టి కూతురింట్లో ఉన్నాడని మునిరత్నం అనుకున్నాడు. వస్తున్నాడని తెలియదు కాబట్టి కూతురు ఎదురుచూడలేదు. ఆ క్షణంలో ఈ లోకంలో అతన్ని వెతుకుతున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. గుడ్డ తొలగించగానే మునిరత్నం స్నేహితుడి నుదుటిమీద అరచెయ్యి పెట్టాడు. "నా పేరు పెట్టుకోని పండుకున్నావేందిరా?" అని నిద్రపోతున్నవాణ్ణి అడిగినట్టు అడిగాడు. అంతవరకూ రాని ఏడుపు ఆయనకు అప్పుడు వచ్చింది.

పోలీసులకు చెప్పి, కన్నయ్య కూతురికి కబురు పంపించి, మునిరత్నంతో కలిసి ఆఫీసుకు తిరిగొచ్చి హెడ్డాఫీసుకు ఫోన్ చేశాను. ఇంటర్నెట్ పేజీ చూసే కుర్రాడు తేలిగ్గా అన్నాడు. "దానికేముంది సార్, పేరు మార్చేస్తాను. తప్పు జరిగినట్టే తెలియదు." పేపర్లో అచ్చయిన తప్పుకు మర్నాడు సవరణ వేయక తప్పదు. ఇక్కడ తుడిచేయవచ్చు. నిజం చెప్పాలంటే నా గుండె తేలికపడింది. నా నిర్లక్ష్యం మీద తడిగుడ్డ పెడితే సరిపోతుంది.

ఎదురుగా కూర్చున్న మునిరత్నానికి సంగతి చెప్పాను.

"తుడిచేస్తే మా తమ్ముడు ఏడ్సింది యాడికి పోతాది నాయనా? రేపు ఆ ఇంజనీరు సూసి, నేనెప్పుడు అట్లా సదివినాను మేస్త్రీ అంటే, వాడు పిచ్చోడై పోడా?"

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. పాత పేరు తప్పని, ఆ తప్పు వేలూరు విలేకరిదని, క్షమించమని ఇంటర్నెట్ పేజీలో ఆ వార్త పైన ఒక వాక్యం పెట్టించాను. మా ఎడిటర్‌కు నచ్చలేదు, రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ వాక్యాన్ని తీయించలేదు.

ఆ సాయంత్రం కన్నయ్య కూతురు దేవకి ఆసుపత్రి ఆవరణలో కనిపించింది. మునిరత్నం నన్ను చూపించి, వార్త రాసింది ఈయనే అన్నాడు. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"మా నాయన గురించి ఏం రాసినావు సార్?"

వయసు రాశాను, వృత్తి రాశాను, అవీ ఇంకొకరివే.

"ఏం రాయాలో నువ్వు చెప్పమ్మా" అన్నాను.

ఆమె చెప్పింది. గళ్ళ లుంగీ నేసేటప్పుడు ఆయన లెక్క పెట్టడట, పాడతాడట. పాట ఒక వరుస అయ్యేసరికి గడి ఒకటి పూర్తవుతుందట. చిన్నప్పుడు తరి కిందే ఆమెకు ఊయల కట్టాడట. ఆ చప్పుడు లేకపోతే అత్తగారింట్లో మొదటి నెలంతా తనకు నిద్ర పట్టలేదట. చీకటి పడేదాకా చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. అంతా రాసుకున్నాను.

పేపర్లో నాకు దొరికింది రెండు వాక్యాల సవరణ. ఇంటర్నెట్ పేజీలో చోటుకు సెంటీమీటర్ల లెక్క లేదు కాబట్టి అక్కడ కన్నయ్య గురించి పూర్తిగా రాశాను. బెంగుళూరులో ఆ ఇంజనీరు దాన్ని చదువుతుంటే గుడియాత్తం మేస్త్రీలందరూ తాపీలు కింద పెట్టి విన్నారని తరువాత గోవిందు చెప్పాడు.

ఆ తరువాత ఉద్యోగంలో ఎన్నో యంత్రాలు మారాయి. ప్రతి కొత్త యంత్రం నన్ను ఇంకాస్త త్వరపడమంది. త్వరపడ్డాను కూడా, అది నా పని. కానీ మనిషి పోయాడని రాయాల్సి వస్తే మాత్రం, అతని పేరు పెట్టి పిలిచిన ఒకరినైనా వెతికి, వాళ్ళతో మాట్లాడేదాకా పంపలేదు. అలా కొన్ని వార్తలు నాకు ఆలస్యమయ్యాయి. వేరే పత్రికలు ముందు వేశాయి. ఒక మనిషికి చివరిసారి పేరు పెట్టే పని మన చేతికి వచ్చినప్పుడు, తల్లిదండ్రులు మొదటిసారి పేరు పెట్టేటప్పుడు తీసుకున్నంత సమయమైనా తీసుకోవాలని నాకు నేర్పింది, తన పేరు వెతుక్కుంటూ నా మెట్లెక్కి వచ్చిన ఆ నేతగాడే.