నూట ముప్పై ఒక్క వేరు కొసలు

1988 డిసెంబరు 6, మంగళవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలు. నా పరువు మునగడం మొదలైన ఘడియ అది. పూర్తిగా మునగడానికి మరో ఐదు రోజుల ఇరవై మూడు గంటల పదిహేను నిమిషాలు పట్టింది. అంచనా కాదు, డైరీ చూసి చెబుతున్నాను. తేదీ, వేళ రాసుకోకుండా నేను పాలు కూడా తోడుపెట్టను.

అప్పుడు నా వయసు ముప్పై నాలుగు. సూర్యాపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరును. భోజనాల గంట కొట్టి ఐదు నిమిషాలైనా కాలేదు, పెద్ద టీచర్ పిలిచారు. ఆమె మా బడికి ప్రధానోపాధ్యాయురాలు. జీవశాస్త్రం చెప్పే మరియమ్మ టీచర్ ఆ పొద్దున మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని దవాఖానలో చేరారట. వచ్చే సోమవారం మిర్యాలగూడలో బడుల వైజ్ఞానిక ప్రదర్శన. జీవశాస్త్రంలో మొదటి బహుమతి ఒక మైక్రోస్కోపు.

మా బడిలో మైక్రోస్కోపు లేదు. మా పిల్లలకు తెలిసిన కణం నల్లబల్ల మీద సుద్దముక్కతో గీసిన సున్నా, మధ్యలో ఇంకో చిన్న సున్నా. అంతే.

"ఉల్లిగడ్డ వేర్లల్ల కణవిభజన చూపిస్తమని పేరిచ్చేసినం," అన్నారు పెద్ద టీచర్. "ఇప్పుడు రామంటే ఇజ్జత్ పోతది. నువ్వే పట్టుకపోవాలె."

"నాకు కణాల సంగతి తెల్వది మేడమ్. నాయి లెక్కలు..."

"ఒకటి రెండయితది, రెండు నాలుగయితది. లెక్కలు గాకపోతే ఏంది మరి అది?"

సరేనని తలూపాను. ఆ మాటకు జవాబు ఇప్పుడుంది. ముప్పై ఏళ్లు దాటాక ఉండి ఏం లాభం?

ఆ సాయంత్రమే దవాఖానకు వెళ్లాను. మరియమ్మ టీచర్ కాలు సున్నం వేసిన దూలంలా మంచం చివర వేలాడుతోంది. నేను నోటుబుక్కు తీసి, మార్జిన్ గీసి, నంబర్లు వేసుకుని కూర్చున్నాను.

"గడ్డల కింద ఎండిన పాత వేర్లు గీకెయ్యి. అడుగు నీళ్లకు తాకేటట్టు గ్లాసుల మీద కూసోబెట్టు. నాలుగు రోజులకు కొత్త వేర్లొస్తయి. ఆదివారం పొద్దుగాల అవి కోసి, నా బీరువాల మందు సీసా ఉంది సూడు, దాంట్ల వెయ్యి."

"ఎంత పొడుగు కొయ్యాలె?"

"రెండు సెంటీమీటర్లు చాలు."

"సరిగ్గ రెండేనా? అటూ ఇటూ ఉండొచ్చా?"

"రెండు చాలు తల్లీ! నాకు నొప్పి లేస్తున్నది, ఇగ పో."

ఏడో నంబరు కింద 'రెండు సెం.మీ., సరిగ్గా' అని రాసి గీత గీశాను. పాఠకులు ఆ గీతను గుర్తుంచుకోనక్కర్లేదు. నేను మరిచిపోలేదు కాబట్టి ఆ భారం నాకు వదిలేయండి.

బుధవారం ఉదయం ఆరింటికి ఎనిమిది గ్లాసుల మీద ఎనిమిది ఉల్లిగడ్డలను కూర్చోబెట్టి, మరియమ్మ టీచర్ పుస్తకం తెరిచాను. భయంభయంగా చదివాను కానీ, మూడో పేజీకి నా కళ్లు మెరిశాయి. డీఎన్ఏ అంటే మెలితిరిగిన నిచ్చెన. దాని మెట్ల మీద నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎ ఎదురుగా ఎప్పుడూ టి, జి ఎదురుగా ఎప్పుడూ సి. ఒక పక్క తెలిస్తే రెండో పక్క కళ్లు మూసుకుని రాయొచ్చు. మూడేసి అక్షరాలు కలిస్తే ఒక మాట, ఆ మాటకు ఒక అమైనో ఆమ్లం, ఆమ్లాలన్నీ వరసగా గుచ్చితే ప్రోటీను. నాలుగు అక్షరాలు, మూడేసి చొప్పున, మొత్తం అరవై నాలుగు మాటలు! ఇది జీవశాస్త్రమని ఎవరన్నారు? నా సొంత ఆస్తిని ఎవరో కొట్టేసి పక్క గదిలో పాఠం చెప్పుకుంటున్నారనిపించింది.

ప్రదర్శనలో చెప్పడానికి పదో తరగతి సుజాతను ఎంచుకున్నాను. పెన్‌పహాడ్ నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. వ్యవసాయం ఇల్లు, నోరు తక్కువ, బుర్ర ఎక్కువ. ఒక్కసారి చెబితే పట్టేసేది.

"డీఎన్ఏ అంటే పెద్ద టీచర్ బీరువాల ఉండే అసలు రిజిస్టర్ అసుంటిది టీచర్. అది గది దాటదు. దాంట్ల నుంచి ఒక చీటీ మీద నకలు రాసుకొని బయటికి పంపుతరు. అది ఆర్ఎన్ఏ. గా నకల్ల టి బదులు యు రాస్తరు. చీటీ సూసి, మూడేసి అక్షరాలు చదువుకుంట రైబోజోము ప్రోటీను అల్లుతది."

"కణం రెండయ్యే ముందు?"

"రిజిస్టరే మొత్తం ఇంకోటి తయారయితది. పిల్ల కణాలు రెండింటికీ చెరొకటి. ఉల్లిగడ్డకు పదహారు క్రోమోజోములు. విడిపోయినంక ఇటు పదహారు, అటు పదహారు."

"శభాష్!" అన్నాను. ఆ పిల్ల వైపు నుంచి ఏ లోటూ లేదని ఇక్కడే రాసి పెడుతున్నాను.

లోటు వేర్లది. గురువారం ఉదయానికి ఏమీ రాలేదు. మధ్యాహ్నానికీ రాలేదు. గంటగంటకూ గ్లాసుల ముందు వంగి గడ్డల అడుగులు చూస్తున్నాను. పెద్ద టీచర్ కిటికీలోంచి తొంగిచూసి, "గడ్డలు ఇంక గడ్డల్లెక్కనే ఉన్నయేంది?" అని వెళ్లిపోయారు. ఆ రోజు నేను తొమ్మిదో తరగతికి వర్గసమీకరణం తప్పు చెప్పాను. పదకొండేళ్ల ఉద్యోగంలో అది మొదటిసారి. శుక్రవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మూడో గడ్డ కింద తెల్లటి మొన ఒకటి కనిపించింది. చంటిపిల్లకు తొలి పన్ను వచ్చినంత సంబరపడి, ఒంటరిగా చప్పట్లు కొట్టాను.

శనివారం ఒంటిపూట బడి కాగానే కోదాడ బస్సెక్కాను. అక్కడ ఒక కాలేజీ ప్రయోగశాలలో మా చిన్నాన్న కొడుకు శేషగిరి అటెండరు. ప్రిన్సిపాలును బతిమాలి రెండు రోజులకు మైక్రోస్కోపు ఇప్పించాడు. పెట్టె నా చేతిలో పెడుతూ వాడు ఊరంతటికీ వినపడేలా చెప్పాడు.

"సోమవారం సాయంత్రానికల్లా తిరిగి రావాలక్కా. మంగళవారం మా పిల్లలకి ప్రాక్టికల్సు. దీనికేమన్నా అయితే నా ఉద్యోగానికి నేను నీళ్లొదులుకోవాలి."

"ఏం కాదులేరా."

"నీ చేతిలో ఏమీ కాదని నాకూ తెలుసు. అయినా చెబుతున్నా. ఒళ్లో పెట్టుకో, పక్కన పెట్టకు. నిద్రపోకు."

నిద్రా! సూర్యాపేట దాకా ఆ పెట్టెను రెండు చేతులతో కావలించుకుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా నేను సీటు మీంచి లేచి పెట్టెను గాల్లో పట్టుకున్నాను.

"ఏముందమ్మా అండ్ల?" అన్నాడు కండక్టరు.

"మైక్రోస్కోపు. చిన్నవాటిని పెద్దగ చూపిస్తది."

"అట్లనా! అయితే మా జీతం ఒకసారి అండ్ల పెట్టి సూపియ్యరాదు?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు. నవ్వితే పెట్టె కదులుతుందని భయం.

ఇక ఆదివారం. డిసెంబరు 11, ఉదయం ఏడున్నర. సుజాత కూడా వచ్చింది. ఎనిమిది గడ్డలకు మొత్తం నూట ముప్పై ఒక్క వేర్లు. కానీ ఎంత క్రమశిక్షణ లేని వేర్లనుకున్నారు! ఒకటి మూడు సెంటీమీటర్లు, ఒకటి రెండున్నర, ఒకటి నాలుగు. కొసలు పచ్చగా, వంకరగా, కొన్ని కొంకి తిరిగి. క్లాసులో జడలు సరిగ్గా వేసుకోని పిల్లల వరసలా ఉంది.

రెండు సెంటీమీటర్లు, సరిగ్గా. గణితంలో గీత మొదలైన చోట సున్నా. వేరు మొదలయ్యేది గడ్డ దగ్గర. కాబట్టి స్కేలు సున్నాను గడ్డకు ఆనించి, రెండు దగ్గర బ్లేడు పెట్టి, మిగిలినదంతా కోసేయడం మొదలుపెట్టాను.

"టీచర్, గా కొసలు పారేస్తున్నరేంది?" అంది సుజాత.

"రెండే అన్నది మరియమ్మ టీచర్."

"కొస కోస్తే ఇగ పెరగదు గద టీచర్?"

"రేపే ప్రదర్శన. ఇగ పెరిగి ఎవర్ని ఉద్ధరించాలె? నువ్వు లెక్కపెట్టు, యాభై మూడు అయినయి."

పిల్ల నోరు మూసుకుని లెక్కపెట్టింది. నూట ముప్పై ఒక్క కొసలు బకెట్లో పడ్డాయి. అప్పుడు మిగిలిన తెల్లటి, నిటారైన, సమానమైన ముక్కలను గడ్డ నుంచి వేరుచేసి సీసాలో వేశాను. వెలుతురులో పట్టి చూస్తే కొత్త అగ్గిపుల్లల పెట్టెలా ఎంత ముచ్చటగా ఉన్నాయో! బకెట్ తీసుకెళ్లి మురుగు పారే మోరీలో గుమ్మరించాను. తొమ్మిది గంటల ఐదు నిమిషాలు.

సోమవారం తొమ్మిదిన్నరకు మిర్యాలగూడలో మా బల్ల సిద్ధం. పక్క బల్ల వేములపల్లి పిల్లలది. తడిగుడ్డ మీద వడ్ల మొలకలు, అంతే. జాలిపడ్డాను.

సుజాత ఒక వేరు ముక్కకు ఎర్ర రంగు పట్టించి, గాజుపలక మీద పెట్టి, పైన సన్నటి గాజురేకు మూసి, బొటనవేలితో అదిమింది. కంటిని మైక్రోస్కోపుకు ఆనించింది. చాలాసేపు చూసింది.

"టీచర్, ఒక్కటి గూడ విడిపోతలేదు."

"సరిగ్గ చూడు."

"సూస్తనే ఉన్న. అన్నీ పొడుగ్గ ఉన్నయి, మధ్యల గుండు. గమ్మున ఉన్నయి."

నేను చూశాను. ఇటుకల గోడ. ఏ ఇటుకా రెండు కావడం లేదు. నా గుండె మాత్రం రెండయ్యేలా ఉంది. అప్పుడు నాకు పుస్తకంలో చదివిన వాక్యం గుర్తొచ్చింది: ఉల్లి వేర్లలో కణవిభజన ఉదయం పూట జోరుగా ఉంటుంది.

"ఇంకా తొమ్మిదీ నలభయ్యే. జర ఆగు. పదింటికి మొదలైతయి."

నవ్వకండి. నేను చేతిగడియారం విప్పి మైక్రోస్కోపు పక్కన పెట్టుకుని ఆ కణాల కోసం కాచుకున్నాను. పది. పదింపావు. పదకొండు. సుజాత ముక్క మీద ముక్క మారుస్తోంది, నేను అదిమిన గాజురేకులన్నీ పుటుక్కుమంటున్నాయి. ఎదురుగా మరో బల్ల మీద, ఎర్ర రిబ్బను కట్టిన బహుమతి పెట్టె. దాని వైపు చూడకూడదనుకుంటూ నలభైసార్లు చూశాను.

పదకొండూ పదిహేనుకు న్యాయనిర్ణేత వచ్చారు. ఆ ఊళ్లోనే వృక్షశాస్త్రం చెప్పే తలనెరిసిన లెక్చరరు. సుజాత రిజిస్టరు, చీటీ, అరవై నాలుగు మాటలు, కణవిభజన నాలుగు దశలు, పదహారు క్రోమోజోములు తడబడకుండా చెప్పింది. ఆయన తల అలా ఊపుతూనే ఉన్నారు.

"బాగ చెప్పినవ్ బిడ్డా. ఇగ చూపియ్యి. ఎన్ని విడిపోతున్నయి?"

సుజాత నా వైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను.

"మూడు వందల పన్నెండు కణాలు లెక్కపెట్టిన సార్. ఒక్కటి గూడ విడిపోలేదు."

ఆయన వంగి చూశారు. పలక జరిపి చూశారు. సీసా ఎత్తి వెలుతురులో పట్టి చూశారు.

"ఎంత సమానంగ ఉన్నయమ్మా! కొసలేవి?"

"వంకరగ ఉంటే తీసేసిన సార్," అన్నాను. గొంతులో కాస్త గర్వం కూడా ఉందని ఒప్పుకోవాలి. "సార్, ఒక్క అరగంట ఆగితే ఇవి..."

"ఆగితే?"

"విడిపోవడం మొదలుపెడతయేమో."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "అమ్మా, ఈ సీసాల మందు పడ్డ క్షణమే ఇవి చచ్చిపోయినయి. అప్పుడు ఏ కణం ఏ దశల ఉంటే అట్లనే ఫోటో తీసినట్టు ఆగిపోతది. చచ్చినవి ఇంకో యేడాది కూసున్నా విడిపోవు. వేరు పెరిగేది కొసకాడ. విడిపోయే కణాలన్నీ ఆ రెండు మిల్లీమీటర్లల్లనే ఉంటయి. ఆ కొసలు ఎక్కడ పారేసినవ్?"

"సూర్యాపేట మోరీల."

"మరి కణవిభజనంతా సూర్యాపేట మోరీలనే ఉన్నదమ్మా. మీరు దాన్ని గాడ విడిచిపెట్టి గీడికొచ్చిండ్రు."

పదకొండూ ముప్పై అయిదు. నేను మునిగిన ఘడియ అది.

ఎర్ర రిబ్బను పెట్టె వేములపల్లికి వెళ్లింది. "పిల్ల చెప్పింది నూటికి నూరు, బల్ల మీద చూపింది సున్నా," అన్నారాయన జాలిగా. "వాళ్ల వడ్ల మొలకలకు కొసలున్నయి మరి."

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ సుజాతను సూర్యాపేటలో దించి, అక్కడే నేను కోదాడ బస్సెక్కాలి. బస్టాండులో పెద్ద టీచర్, వెంట పదో తరగతి పిల్లలు. నా చేతుల్లో పెట్టె చూడగానే కేక.

"గెలిచినం! పెట్టె వచ్చింది! చప్పట్లు కొట్టుండ్రే!"

పిల్లలు ఎగిరెగిరి చప్పట్లు కొట్టారు. ఒకతి పెట్టెను ముద్దు కూడా పెట్టుకుంది. నేను పెట్టెను ఇంకా గట్టిగా కావలించుకున్నాను.

"గది కోదాడది టీచర్," అంది సుజాత మెల్లగా. "తిరిగిచ్చెయ్యాలె."

"మరి మనది?"

కోదాడ బస్సు వచ్చింది, ఎక్కాను.

మర్నాడు దవాఖానలో మరియమ్మ టీచర్ విషయం విని, విరిగిన కాలు మరిచిపోయి లేవబోయారు. "రెండు సెంటీమీటర్లంటే కొసకెల్లి గాదానే!"

"కొసకెల్లి అని మీరు చెప్పలేదు. నా దగ్గర రాసుంది."

"అన్నం నోట్లె పెట్టుకోమంటే, చెవుల పెట్టుకోవద్దని గూడ చెప్పాలెనా?"

ఆ పూటే, దవాఖాన వరండాలో, ఫినాయిల్ వాసన సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఏ కొస నుంచి అని అడగకుండా ఇక ఈ జన్మలో స్కేలు పట్టను, వంకరగా ఉన్నదని దేన్నీ కత్తిరించను, చచ్చినదాని ముందు గడియారం పెట్టుకుని కూర్చోను. డిసెంబరు 13, మంగళవారం, సాయంత్రం ఐదూ పది. సంతకం చేసి, తేదీ వేశాను.

పోయినవి ఇవి. వేరు కొసలు, నూట ముప్పై ఒకటి. బ్లేళ్లు, రెండు. గాజురేకులు, తొమ్మిది. తొమ్మిదో తరగతి వర్గసమీకరణాల పాఠం, ఒకటి. తర్వాత మళ్లీ చెప్పాను. చేతికి రాకుండానే పోయిన మైక్రోస్కోపు, ఒకటి. ఆ ఏడు మా బడిలో పదో తరగతి చదివిన ఆడపిల్లలు నలభై ఒక్క మంది. కణం విడిపోవడం కళ్లారా చూసి బడి దాటినవాళ్లు, ఎవరూ లేరు.