నడుం ఎత్తు గోడలు

మా ఆయన తాపీమేస్త్రి. రామచంద్రపురం చుట్టుపక్కల ఆయన కట్టిన బాత్రూములు ఎన్నో ఆయనకే గుర్తులేదు. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళ్ళి, ఎవరింట్లోనో టైల్సు మట్టం చూసి, జారకుండా గరుకు రకం వేసి, తలుపు సరిగ్గా పడుతోందో లేదో పదిసార్లు తీసి మూసి చూసుకుని మరీ వస్తారు. మా ఇంటికి మాత్రం బాత్రూం లేదు. దీపం కిందే చీకటంటారు చూడండి, అదీ మా కొంప సంగతి.

మొదలెట్టకపోలేదు. పాతది పడగొట్టి ఆ చోటే దొడ్డి గుంటకి సిమెంటు వరలు దింపారు, గోడలు నడుం ఎత్తు లేపారు. అప్పుడు కరోనా వచ్చింది. పనుల్లేక ఇంట్లో కూర్చుని ఫోన్లో ప్రసంగాలు వినడం మరిగారు. తెగుళ్ళు, యుద్ధాలు, భూకంపాలు, అన్నీ లోకాంతానికి గుర్తులేనట, ప్రభువు రాకడ గుమ్మంలోకి వచ్చేసిందట. ఓ రోజు పొద్దున్న తాపీ కడిగి సంచిలో పెట్టేసి, "ఇంక మన కోసం మనం ఏదీ కట్టుకోవద్దు. ప్రభువు వచ్చే టైముకి చేతిలో ఇటుక పట్టుకుని కనబడితే బాగోదు," అన్నారు.

"ఊళ్ళోవాళ్ళ ఇటుకైతే పర్లేదాండీ?" అన్నాను.

"అది పొట్టకూటికి," అన్నారు.

లాక్‌డౌన్ అయిపోయింది, పనులొచ్చాయి, ఊళ్ళో గోడలు లేచాయి. మా గోడలు అలాగే ఉన్నాయి. పప్పులోకైనా పనికొస్తుందిలే అని మా అత్తయ్య వాటి మీదికి బచ్చలి తీగ పాకించింది.

రాకడని నేను నమ్మనిదాన్ని కాను, ఆ మాట ముందే చెప్పాలి. ఆదివారం చర్చికి వెళ్తాను, ఉపవాసాలుంటాను. మబ్బు అదోలా ఎర్రబడితే నా గుండె కూడా ఝల్లుమంటుంది. కానీ నమ్మకానికీ మరుగుదొడ్డికీ ఏం విరోధమో నాకు బోధపడలేదు.

ఆయనకైతే కాలవగట్టు ఉంది. మరి ఆడవాళ్ళం మేం ఎక్కడికెళ్ళేవాళ్ళం? ఎదురుగా మా బావగారిల్లు. వాళ్ళ బాత్రూం కూడా మా ఆయన కట్టిందే. పొద్దున్నే వాళ్ళు లేవకముందు వెళ్ళకూడదు, లేచాక వాళ్ళ పిల్లలు కాలేజీకి రెడీ అయ్యేదాకా వెళ్ళకూడదు. మా తోడికోడలు చెడ్డది కాదు, ఏనాడూ కాదనలేదు. కాకపోతే మేం గేటు తీసిన ప్రతిసారీ, "రండి రండి, ఖాళీయే," అనేది. ఆ "ఖాళీయే" వినబడ్డప్పుడల్లా నాకు చచ్చేంత సిగ్గేసేది. చీకటి పడితే వాళ్ళ గేటుకి తాళం. అందుకని మధ్యాహ్నం నుంచే అత్తయ్యా నేనూ నీళ్ళు తగ్గించేసేవాళ్ళం. వేసవిలో గొంతు పిడచకట్టుకుపోతున్నా ఒక్క గుక్క తాగి చెంబు పక్కన పెట్టేయడమే. ఇంట్లో ఉన్నామన్న మాటే గానీ బోనులో ఉన్నట్టుండేది. వెళ్దామంటే వాళ్ళ తాళం, అడుగుదామంటే ఈయన రాకడ.

అడగలేదా అంటే, నోరు నొప్పెట్టేలా అడిగాను. "ఈ లోకం అద్దెకొంపే. అద్దెకొంపకి ఎవరైనా హంగులు చేయించుకుంటారా?" అనేవారు. "అద్దెకొంపకైనా దొడ్డి ఉంటుందండీ," అంటే, "నీకింకా ఈ లోకం మీద ఆశ చావలేదు," అని వాక్యం చదువుకోవడంలో పడిపోయేవారు. మొగుడితో వాదించొచ్చు గానీ, దేవుణ్ణి అడ్డం పెట్టుకున్న మొగుడితో ఎక్కడ వాదిస్తాం!

అత్తయ్య మాత్రం కొడుకుని ఒక్క మాట అనేది కాదు. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆయనకి రాకడ సంగతులు చెప్పింది తనే మరి. "వాడేం తాగి తిరగట్లేదుగా అమ్మా, దేవుడి మాటేగా అంటున్నాడు," అని నాకే సర్దిచెప్పేది.

కిందటి వర్షాల్లో బావగారు వాళ్ళు పిఠాపురంలో పెళ్ళికని ఇంటికి తాళం వేసుకుని వెళ్ళారు. తాళంచెవి ఇచ్చి వెళ్ళడం మర్చిపోయారు. ఒకటే వాన. మొదటిరోజు గొడుగు పట్టుకుని కాలవగట్టుకి తీసుకెళ్తే అత్తయ్య బురదలో జారింది, నా చెయ్యి దొరకబట్టి సరిపోయింది. మర్నాడు రానంటే రానంది. టీ వద్దంది, గంజి వద్దంది, మంచినీళ్ళు అసలే వద్దంది. సాయంత్రానికి మాట తడబడుతోంది, ఒళ్ళు కాలిపోతోంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ నాలుక చూసి, "ఈ పెద్దావిడకి మీ ఇంట్లో నీళ్ళు ఎవరూ ఇవ్వరా?" అని నా వంకే చూసింది. యూరిన్ ఇన్ఫెక్షనంది, ఒంట్లో నీళ్ళే లేవంది, ఇంకాస్త ఆలస్యమైతే కిడ్నీలు పోయేవంది. మా ఆయన సెలైన్ బాటిల్ వైపు చూస్తూ, "నీళ్ళు తాగొచ్చు కదమ్మా," అన్నారు. అంతే అన్నారు! నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తయ్య కళ్ళు మూసుకోవడం చూసి ఊరుకున్నాను.

ఇంటికి తెచ్చాక, ప్రార్థన చేయడానికి వస్తానని పాస్టరుగారు కబురు చేశారు. ఇక చూడాలి మా ఆయన హడావిడి! మెట్టు పగిలిందని సిమెంటు కలిపారు. వరండాకి సున్నం కొట్టారు. ఊగుతున్న కుర్చీ కాలికి మేకు దిగ్గొట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఇన్నేళ్ళు మింగిందంతా గొంతులోకి తన్నుకొచ్చేసింది.

"పాస్టరుగారు వస్తున్నారంటే మెట్టు బాగుచేశారే! మరి ప్రభువు వస్తున్నాడని ఇన్నేళ్ళబట్టీ అంటున్నారు, ఆయనొచ్చి చూసేది ఏంటండీ ఇక్కడ? సగం గోడలూ, బచ్చలి తీగా, మంచినీళ్ళు తాగడానికి భయపడే మీ అమ్మా! చేతిలో ఇటుకుంటే బాగోదన్నారు కదా. ప్రభువా, నీ కోసం ఎదురుచూస్తూ మా అమ్మ గొంతు ఎండబెట్టానని చెబుతారా, అది బాగుంటుందా?"

గట్టిగానే అరిచాను కాబోలు, పక్కింటివాళ్ళు తొంగిచూశారు. మా ఆయన చేతిలో తాపీ అలాగే ఉండిపోయింది. "లోపలికి పద," అన్నారు. "వెళ్ళను," అన్నాను. అప్పుడే పాస్టరుగారి బండి వచ్చి ఆగింది. కళ్ళు తుడుచుకుని "వందనాలండి" అన్నాను.

పాస్టరుగారు మంచం పక్కన కూర్చుని చాలాసేపు ప్రార్థన చేశారు. ఆయనకి షుగరు. ఆమెన్ అనగానే గబుక్కున లేచి, "మేస్త్రీ, బాత్రూం ఎక్కడయ్యా?" అన్నారు.

మా ఆయన పెరటి తలుపు తీశారు. పాస్టరుగారు బచ్చలి తీగ వంక చూశారు, మా ఆయన వంక చూశారు. "మా బాత్రూం కట్టింది నువ్వే కదయ్యా," అన్నారు. చెప్పులైనా వేసుకోకుండా మా ఆయన పాస్టరుగారిని ఎదురింటికి తీసుకెళ్ళారు. అప్పటికి బావగారు వాళ్ళు పెళ్ళి నుంచి వచ్చేశారు. రోడ్డు అవతల్నించి మా తోడికోడలి గొంతు వినబడింది, "రండి రండి, ఖాళీయేనండి," అని.

మర్నాడు ఈయన పనికి వెళ్ళలేదు. బచ్చలి తీగ తెగకుండా నెమ్మదిగా విప్పి, పక్కన కర్రలు పాతి పాకించారు. ఇసుక జల్లించారు. నేను సిమెంటు తట్ట అందించాను. గోడలు లేచాయి, పైన రేకు పడింది. వాళ్ళమ్మ పట్టుకోడానికని గోడకి ఇనపకడ్డీ బిగించారు. తలుపుకి లోపల గడియ పెట్టి, పదిసార్లు తీసి మూసి చూసుకున్నారు.

అత్తయ్యని నేనే నడిపించుకెళ్ళాను. నన్ను బయటే ఉండమని తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు వినబడింది. ఎంతసేపటికీ రాదే! నీళ్ళ చప్పుడు, మధ్యమధ్యలో కూనిరాగం. మా ఆయన కంగారుపడి తలుపు తట్టారు. "అమ్మా, అయిందా?"

"ఉండరా," అంది లోపల్నించి. "ప్రభువొచ్చినా సరే, కాసేపు అరుగు మీద కూర్చోమను."

నేను వంటింట్లోకి వెళ్ళి, బిందెలో చెంబు ముంచి, నిండా నీళ్ళు గటగటా తాగేశాను.