మగ్గం పక్కన రెండు ప్లేయర్లు

పాట వినాలంటే మగ్గం ఆపాలని మా తమ్ముడు అన్న రోజు నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లకు పైగా మా గద్వాల ఇంట్లో పాటా మగ్గమూ ఒకే గదిలో ఉంటున్నాయి. ఒకదాని కోసం ఇంకొకటి ఏనాడూ నోరు మూసుకోలేదు.

తమ్ముడు వనపర్తిలో ఉద్యోగం చేస్తాడు. రికార్డులు మళ్లీ ఫ్యాషన్ అయ్యాయని ఫోన్‌లో చూసి, నా కోసం ఒక కొత్త ప్లేయర్ తెప్పించాడు. ప్రేమతోనే తెచ్చాడు, ఆ మాట కాదనను. కానీ వెంట ఒక షరతు కూడా తెచ్చాడు. పాత ప్లేయర్ తనకు ఇచ్చెయ్యాలట. స్నేహితుడొకడు పెబ్బేరు దగ్గర హైవే మీద హోటల్ పెడుతున్నాడట. వచ్చేపోయేవాళ్లు చూసేందుకు అక్కడ అలంకరణగా పెట్టుకుంటాడట.

"గా పాతది ఇంకెన్నొద్దులు నడుస్తదక్కా? ఆగిపోతే పాత సామాన్లోడు కూడ తీస్కపోడు," అన్నాడు.

"నడిచినన్నొద్దులు నడుస్తది. నీకేం నొప్పిరా?" అన్నాను.

ఆ పాతది మా నాయన తెచ్చింది. ఊళ్లో మైక్‌సెట్ దుకాణం ఎత్తేస్తుంటే రికార్డుల కట్టతో సహా తెచ్చుకున్నాడు. చెక్క పెట్టె, ఇనుప పళ్లెం, ఎత్తితే నడుము పట్టేసే బరువు. దాని దుమ్ము తుడవడం, మూత విప్పడం, నూనె చుక్క వేయడం అన్నీ ఆయనే. మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. పొద్దున్నే రికార్డు పెట్టి, "పాటతోని చెయ్యి నడువాలె," అనేవాడు. జరీ అంచు చీరకు ఇద్దరు కావాలి. నేనొక పక్క, అమ్మ ఒక పక్క కూర్చునేవాళ్లం.

నా చెయ్యి పాటకు పడింది. అమ్మ చెయ్యి పడలేదు. అంతకుముందు మా వాడలో అమ్మ అంత నేర్పుగా నేసే మనిషి లేదు. ప్లేయర్ వచ్చిన ఏడాది మాత్రం ప్రతి పాటకూ వెనకబడేది. "పాట ఉరుకుతుంది జూడు," అని గొణిగేది. నాయన నవ్వి, "పాట ఉరుకుతలేదు, నీ చేతులు ముసలైనయి," అనేవాడు. అప్పటికి అమ్మకు నలభై మూడేళ్లు. శ్రావణమాసం చీరలు ముంచుకొచ్చిన ఒక రోజు ఆమె మగ్గం దిగింది. ఆమె చోట మేనత్తను కూర్చోబెట్టారు. ఆనాటి నుంచి అమ్మ గోడవారన రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూనే ఉంది. నాయన పోయినా ఆమె మళ్లీ మగ్గం ఎక్కలేదు. మేనత్త కూడా పోయాక నేనొక్కదాన్నే సాదా అంచు చీరలు నేస్తున్నాను.

సరే, రెండు ప్లేయర్ల పోటీ సంగతికి వస్తాను. ఒక ఆదివారం తమ్ముడు రెండు ప్లేయర్లనూ ఒకే బల్ల మీద పెట్టాడు. ఒకే రికార్డు, ముందు దీని మీద, తర్వాత దాని మీద. న్యాయం చెప్పాలంటే కొత్తది బాగా పాడింది. పాతదానికి పాట వెనక ఎప్పుడూ ఒక గురక ఉంటుంది. కొత్తదానికి లేదు. దాని ముల్లు రికార్డు మీద ఈగ వాలినట్టు వాలుతుంది, పాతదాని ముల్లు నాగలిలా దిగుతుంది. నా రికార్డులు ఇంతగా అరిగిపోవడానికి ఆ బరువే కారణమని తమ్ముడు చెప్పాడు. ఒప్పుకున్నాను.

తర్వాత నేను మగ్గంలో కూర్చుని నాలుగు దెబ్బలు వేశాను. నేల అదిరి కొత్తదాని ముల్లు ఎగిరి పాట మధ్యలో పడింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఎగిరింది. పాతది అదే బల్ల మీద, అవే దెబ్బలకు రాయిలా కూర్చుంది.

"జర మగ్గం ఆపి ఇనక్కా. పాటంటే గట్లనే ఇనాలె," అన్నాడు.

"ఆపను. పాట నాకు పనిలో తోడు. పని మానుకొని దాని మొఖం చూస్త కూసోడానికి నేనేమన్న చుట్టమింటికి వచ్చిన్నా?"

వాడూ నా తమ్ముడే కదా, ఊరుకోలేదు. గోడకు మేకులు కొట్టి, పలక బిగించి, కొత్తదాన్ని దాని మీదికి ఎక్కించాడు. ముల్లు ఎగరడం ఆగింది. ఒక వారం దీనితోనే నేసి చూడమన్నాడు. అప్పటికీ వద్దంటే పాతదాని జోలికి రానన్నాడు. నచ్చితే మాత్రం వచ్చే ఆదివారం బండి తెచ్చి తీసుకుపోతాడు.

ఆ వారమంతా నాకు చికాకే. ప్రతి పాటా నిద్రమొహంతో లేచి వచ్చినట్టుంది. రోజూ వినే గొంతుకే జలుబు చేసినట్టు బొంగురుగా ఉంది. అడ్డపోగు నాడె విసరబోతే పాట ఇంకా వెనకే ఉంటుంది. వారం చివర చీరను వెలుతురుకు పట్టి చూస్తే, కొత్తది మొదలైన చోట అడ్డంగా గీత పడింది. పాతదానితో నేసిన వైపు నేత గట్టిగా, ఇటువైపు వదులుగా ఉంది. తమ్ముడికి ఫోన్ చేసి ఆ గీత గురించి చెప్పాను.

వాడు వచ్చి రెండు ప్లేయర్ల మీదా తన ఫోన్ పెట్టి తిప్పి, అందులో వేగం చూశాడు. "కొత్తది సక్కగనే తిరుగుతుందక్కా. నీ పాతదే జోరుగ తిరుగుతుంది. ఇన్నేండ్లు తప్పు పాట ఇన్నవ్."

"నీ ఫోన్ ఏనాడన్న చీర నేసిందా?"

అన్నానే గాని వాడి మాట గుచ్చుకుంది. నా ప్లేయర్ తప్పంటే నా చెయ్యి తప్పన్నట్టే. అది సరైనదేనని ఎవరైనా పెద్దమనిషితో అనిపించి తమ్ముడి నోరు మూయించాలనుకున్నాను. మర్నాడే దాన్ని దుప్పట్లో చుట్టి వనపర్తి బస్సెక్కాను. సంత రోజు కావడంతో పెబ్బేరులో బస్సు ఎడ్ల మధ్య చాలాసేపు నిలబడింది. తొడలు తిమ్మిరెక్కినా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

వనపర్తిలో రేడియోలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు. ఆయన పళ్లెం ఎత్తి లోపల చూసి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"బిడ్డా, గిది ఎవరు చుట్టిండ్రు?"

పళ్లెం కింద రబ్బరు చక్రం, దాన్ని తిప్పే మోటారు ఇరుసు ఉన్నాయి. ఆ ఇరుసు చుట్టూ సన్నటి పోగు, ఒక్క వరుస కూడా తప్పకుండా చుట్టి, జిగురు పూసి ఉంది.

"ఖరాబ్ కాలేదు గిది. ఇరుసు లావైతే పళ్లెం జోరుగ తిరుగుతది. తెలిసినోడు కావాలనే చేసిండు," అన్నాడు చాచా.

తెలిసినవాడెవరో నాకు తెలుసు. అది పట్టుపోగు. నూనె మరకల కిందా పసుపు రంగు కనిపిస్తోంది. ప్లేయర్ వచ్చిన ఏడాది శ్రావణమాసానికి మేం నేసిన అంచు రంగే. చివర వేసిన ముడి మా నాయన పోగు అతికే ముడి. వేల సార్లు చూశాను.

ఆ దుకాణంలో నిలబడి మా నాయన మీద నాకు వచ్చినంత కోపం ఆయన బతికుండగా ఎన్నడూ రాలేదు. పాట పరుగెత్తితే మేమూ పరుగెడతామని చుట్టాడు. నేను పరుగెత్తి, అదే నా నేర్పనుకుని ఇన్నేళ్లు మురిసిపోయాను. అమ్మను మాత్రం ముసలిదాన్ని చేశాడు. నలభై మూడేళ్లకే!

"తియ్యాల్నా, ఉంచాల్నా?" అని అడిగాడు చాచా.

"నేనే తీస్త," అన్నాను. ముడి గోటితో విప్పాను. జిగురు పెళుసుబారి ఉంది, పోగు ముక్కలు ముక్కలుగా వచ్చింది.

ఇంటికొచ్చి పాతదాన్ని దాని చోట పెట్టి పాట పెట్టాను. అదే నిదానపు పాట, గోడ మీది కొత్తది పాడినట్టే. అమ్మ రాట్నం ఆపి తలెత్తింది. పోగు ముక్కలు ఆమె చేతిలో పోసి, ఎక్కడ దొరికాయో చెప్పాను. కంటి దగ్గర పెట్టుకుని వాటిని చాలాసేపు చూసింది.

"గప్పుడే చెప్పిన గదనే, పాట ఉరుకుతుందని," అంది.

అంతే. ఏడవలేదు, నాయనను ఒక్క మాట అనలేదు. ఆ మాటలు నేను అన్నాను, గట్టిగానే అన్నాను. ఆమె రాట్నం పక్కకు నెట్టి, "జరుగు," అంది. మోచెయ్యి పట్టుకుని మగ్గం గుంటలోకి దింపాను. డెబ్బై దాటిన ఆ చేతులు మొదట రెండుసార్లు నాడె జారవిడిచాయి. మూడో పాటకు దెబ్బ సరిగ్గా పాట మీద పడింది.

కొత్తది గోడ మీదే ఉంచాను. మగ్గం లేని పండుగ పూటల్లో దాన్నీ వింటాను, దాని గొంతు మీద నాకేం కక్ష లేదు. పాతది మాత్రం గడప దాటదు.

ఆదివారం పొద్దున తమ్ముడు ఫోన్ చేశాడు, బండి తెస్తున్నానని.

"రాకు. నేనియ్య," అన్నాను.

"ఏందక్కా? ఇనబడ్తలేదు. జర మగ్గం ఆపు."

"నేనాపనని మునుపే చెప్పిన గదరా. గిప్పుడైతే మగ్గం మీద ఉన్నది అమ్మ. ఆపమని నువ్వే చెప్పుకో."