టీచరమ్మ, రెండు సైలెన్సర్లు

టీచరమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను పాశమైలారంల ఒక ఫ్యాక్టరీ గేటు ముందట బండి ఆపుకొని లోడు చీటీ కోసం చూస్తున్న. ఫోను చేసింది మా ఇంటామె, నా పెండ్లాం. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీల కూసున్నదట, కూసున్నది కూసున్నట్టే పోయిందట. ఫోన్ల అటు దిక్కు నుంచి రేడియో మోగుడు వినవడ్డది. టీచరమ్మ రేడియోనే. దాన్ని బంద్ చెయ్యడానికి ఎవరికీ చెయ్యి రానట్టున్నది.

చిట్కుల్‌ల మేము ఎన్నో ఏండ్ల సంది కిరాయికుంటున్నది టీచరమ్మ ఇంట్లనే. ముందటి రెండు అర్రలు మావి, వెనుక భాగం ఆమెది. సర్కారు బడిల లెక్కలు, సైన్సు చెప్పి రిటైరైన మనిషి. పెనిమిటి ఎప్పుడో పోయిండు. తమ్ముని కుటుంబం సంగారెడ్డిల ఉంటది.

మర్నాడు చర్చిల ప్రార్థన అయినంక పెట్టెను సమాధుల తోటకు తీస్కపోవాలె. వ్యాను మాట్లాడుదమని ఒకరిద్దరు అన్నరు. ఆమె తమ్ముడు నా దిక్కు చూసి, అక్క ఎన్నోసార్లు ఎక్కిన బండే కదా, నీ పికప్‌లనే పోనీ అన్నడు. నేను మొదటి గేర్ల మెల్లగ నడుపుతుంటే వెనుక జనం పాటలు పాడుకుంట నడిచొచ్చిన్రు. పాటల ప్రతి మాట నాకు డ్రైవరు సీట్ల కూసున్నకాడికి సాఫ్‌గ వినవడ్డది. రెండేండ్ల కింద అయితే ఒక్క ముక్క కూడ వినవడకపోవు. ఆ రెండేండ్ల కింది ముచ్చటే చెప్దామని ఇది రాస్తున్న.

టీచరమ్మకు ప్రతిదీ తెలుసుకోవాలె. హైవే మీద పెద్ద లారీలు పోతుంటే కొన్ని చక్రాలు నేలకు తాకకుండ గాలిల ఉంటయి. మనం రోజూ చూస్తం, పట్టించుకోం. ఆమె చాయ్ హోటల్ కాడ ఒక సర్దార్‌జీ డ్రైవర్‌ను ఆపి, వచ్చిన నాలుగు హిందీ ముక్కలతోని దాని సంగతి అడిగింది. లోడు లేనప్పుడు టైర్లు అరగొద్దని ఎత్తి పెడ్తరని ఆయన చెప్పేవరకు కదలలే. ఇంటికొచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. నేను నాకు తెల్సు అంటే, "మరి ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?" అని అలిగింది.

ఇంకొక మాట ఆమె నోట్ల ఎప్పుడూ ఉండేది. ఎవరు ఏం చెప్పినా, "అనిపించిందా బిడ్డా, తెలిసిందా?" అని అడిగేది. కూరగాయలామె ఈసారి ఎండలు ఎక్కువున్నయన్నా అదే, నేను బండి బరువెక్కిందన్నా అదే. మొదట్ల నాకు చికాకయ్యేది. తర్వాత తర్వాత నోరు తెరిచే ముందే నన్ను నేను అడుక్కునుడు మొదలువెట్టిన.

నా బండి సైలెన్సర్ తుప్పు వట్టి జోడు కాడ చిల్లి వడి ఓటు వోయింది. స్టార్ట్ చేస్తే బర్రున మోత. మార్చక తప్పదు. షోరూముకు వోతే కంపెనీది ఆర్డరు వెట్టాలె, వచ్చేదాంక ఆగాలె అన్నరు. ఇస్నాపూర్ కాడ హైవే పక్కన సైలెన్సర్ల దుకాణం భాయ్ ఉన్నడు. ఆయన దగ్గర బయటి తయారీది తయారుగ ఉంది. సక్కటి గొట్టం, లోపల అడ్డాలు తక్కువ, మూతి పెద్దది, నిగనిగ మెరుస్తది. నా దోస్తుకు నాసొంటి బండే ఉంది. వాడు అదే ఏపిచ్చుకున్నడు. గుంజుడు పెరిగింది, డీజిలు తక్కువ తాగుతున్నది, జల్దీ పోయి తెచ్చుకో అన్నడు.

నాకు కూడ అదే కావాలనుండె. ఎందుకో సిగ్గు లేకుండ చెప్తున్న. ఈ బండి కొనకముందు నేను ఒక ఫ్యాక్టరీల రోజు కూలీకి చేసిన. నాలుగేండ్లు చేసినా గేటు కాడ నా పేరు ఎవరికీ తెల్వకుండె. అదే మనిషి ఇప్పుడు సప్పుడు చేసుకుంట వస్తే, హారన్ కొట్టకముందే గేటు తెరుచుకోవాలె. ఇది నా మనసుల మాట. బయటికి మాత్రం గుంజుడు, డీజిలు అనే చెప్పిన.

సాయంత్రం వాకిట్ల టీచరమ్మకు కూడ గట్లనే చెప్పిన. ఇగ ఆ ప్రశ్న రానే వచ్చింది. దోస్తుకు అనిపించిందా, తెలిసిందా? వాడేం కొలిచి చూడలే అన్న. "అయితే మనం తెలుసుకుందం" అన్నది. ఆమె మొఖం చూస్తే పండుగకు కొత్త బట్టలు దొరికినట్టుండె.

మర్నాడు నాతోని భాయ్ దుకాణానికి వచ్చింది. కంపెనీ దాంట్ల ఏముంటది, బయటి దాంట్ల ఏముంటది, చూపెట్టుమన్నది. భాయ్ ముందుగాల నవ్విండు. ఆమె పోయేటట్టు లేదని తెలిసినంక, పనికిరాని పాతదాన్ని ఒకటి తీసి గ్రైండర్‌తోని నిలువుగ కోసి పెట్టిండు. లోపల మూడు అర్రలు, నడుమ అడ్డగోడలు, జల్లెడ లెక్క తూట్లున్న గొట్టాలు. పొగ ఒక అర్రల నుంచి వెనుకకు మర్లి ఇంకొక అర్రకు పోయి, మళ్ల ముందుకు రావాలె. టీచరమ్మ బోర్లేసిన డబ్బా మీద కూసోని తూట్లల్ల వేలు పెట్టి చూసింది.

"పొగ అయితే బయటికొస్తది. మరి సప్పుడు లోపలికి పోయి ఏమైతది?" అని అడిగింది.

భాయ్ చేతుల ఉన్న గ్రైండరు కింద పెట్టిండు. ఇన్నేండ్లల్ల ఈ మాట ఎవరూ అడగలేదన్నడు. కోసిన అడ్డగోడను వేలుతోని తట్టి, "గోడలకు కొట్టుకొని కొట్టుకొని అలిసిపోతది అమ్మా" అన్నడు.

ఆమెకు ఆ జవాబు మస్తు నచ్చింది. ఇంటికొచ్చి పాత పుస్తకాలు దించి చదివింది. గోడకు తగిలి మర్లిన అల, ఎదురొచ్చే అల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయట, మిగిలింది వేడిగ మారుతదట. అది చెప్పి, "భాయ్ చెప్పింది తప్పేం కాదు, తక్కువ మాటల్ల చెప్పిండు" అన్నది.

భాయ్ మంచిమనిషి. కొత్తదాన్ని కొన్ని రోజులు వాడి చూడు, నచ్చకుంటే వాపస్ తే అన్నడు. సైలెన్సరుకు ముందట పొగను సాఫ్ చేసే డబ్బా ఒకటుంటది, కావాలంటే దాన్ని కూడ తీసేస్త అన్నడు. టీచరమ్మ దాన్ని ముట్టనియ్యలే. ఆ డబ్బా నీ ఒక్కనిది కాదు, వెనుక వచ్చే అందరిదీ అన్నది. ముందుగాల పాతదానికి రేకు అతికించి వెల్డింగు చేపిచ్చింది. ఓటు బందయిందా లేదా అని, పంచర్ దుకాణంల ట్యూబుకు చూసినట్టు, చల్లటి బండి స్టార్ట్ చేసి అతుకు మీద సబ్బు నురుగు పూసి బుడగలు వస్తయేమో చూసింది. పాతదానికి అన్యాయం జరగొద్దు కదా అన్నది.

ఇగ పరీక్ష. లక్డారం పోయే తొవ్వల ఒక ఎత్తు ఉంటది. బరువు ఎప్పుడూ ఒక్క తీరే ఉండాలని ఆరు నీలం రంగు డ్రమ్ములల్ల అంచుదాంక నీళ్లు నింపిపిచ్చింది. బడిల పరుగు పందాలకు వాడిన స్టాప్‌వాచ్ మెడల ఏసుకొని నా పక్కసీట్ల కూసున్నది. కింద ఒక కరెంటు స్తంభం, పైన ఒక స్తంభం. పాతదానితోని ఐదు మాట్లు ఎక్కినం, కొత్తది ఏపిచ్చుకొని ఐదు మాట్లు ఎక్కినం. డీజిలుకు కూడ అంతే. ఒకే బంకుల, ఒకే మిషను కాడ ట్యాంకు నిండ పోపిచ్చుకొని సంగారెడ్డికి పోయి వచ్చి, మళ్ల నింపి ఎంత పట్టిందో రాసుకున్నం. తొవ్వ పొడుగునా ఆమె ప్రశ్నలే. స్టీరింగు ఇటు తిప్పితే చక్రాలు రెండూ ఒక్క తీరుగ తిరుగుతయా? బ్రేకు కొడితే ఆ వేగం ఎటు పోయింది? నేను సగానికి జవాబు చెప్పిన, సగం భాయ్ మీదికి తోసిన.

కొత్తదానితోని ఎక్కుతుంటే బండి ఎగిరినట్టే ఉండె. పైన ఆపి, చూసినవా టీచరమ్మా, ఎట్ల గుంజిందో అన్న. ఆమె స్టాప్‌వాచ్ నా చేతికిచ్చింది. పాతదానికి పట్టినంతే పట్టింది. ఒక్కోసారి అర సెకను అటు, ఒక్కోసారి అర సెకను ఇటు. నేను నమ్మక ఇంకోసారి ఎక్కిచ్చిన. అదే లెక్క.

నాకు గుర్తున్నది మాత్రం దాని తర్వాతిది. డీజిలు విషయంల పాత కంపెనీదే గెలుస్తదని టీచరమ్మ మొదటి నుంచి అనుకున్నది, నాతోని అన్నది కూడ. చూస్తే అక్కడ కూడ రెండూ సమానమే. మీరు కూడ తప్పే కదా అని నేను నవ్విన. ఆమె నాకంటే ఎక్కువ నవ్వింది. నోటుబుక్కుల "నేను అనుకున్నది తప్పు" అని రాసి కింద గీత కొట్టింది. తప్పు అయినందుకు అంత సంబురపడ్డ మనిషిని నేను మళ్ల చూడలే.

అన్నీ సమానమైతే కొత్తదే ఉంచుకుంట అన్న. అప్పుడు నా మనసుల మాట కూడ బయటవడ్డది, గేటు ముచ్చట, రోజు కూలీ ముచ్చట. సప్పుడు ఎందుకని ఆమె కోప్పడతదనుకున్న. కోప్పడలే. "గది కూడ ఒక కారణమే, రాయి" అని నోటుబుక్కు నా ముందట పెట్టింది. రాసిన. చదివి నోటుబుక్కు మూసింది. తర్వాత, "నీ బండి సప్పుడు నువ్వు ఎప్పుడన్న బయటి నుంచి విన్నవా బిడ్డా?" అని అడిగింది.

నిజంగనే వినలే. ఎప్పుడూ నేను లోపలనే ఉంట కదా.

మా ఇంటామె మందు గోలీల ఫ్యాక్టరీల ప్యాకింగు పని చేస్తది. ఆమెది రాత్రి డ్యూటీ. పొద్దున వచ్చి, వండి, తిని, సాయంత్రం దాంక పండుకుంటది. నేను పగటీలి రెండు మాట్లు ఇంటికొస్త, ఒకసారి అన్నానికి, ఒకసారి తాడ్లు, పట్టాలు తీస్కపోవడానికి. ఆమెకు సెలవున్న రోజు టీచరమ్మ నా దోస్తును పిలిచి తాళం చెవి ఇచ్చి, బండిని సడక్ దాంక తీస్కపోయి ఎప్పటిలెక్క రమ్మన్నది. నన్నేమో మా అర్రల, మా ఇంటామె పండుకునే జాగల పండుకోమన్నది. నాకు నవ్వొచ్చింది. కానీ పండుకున్న, కండ్లు మూసుకున్న.

బండి గల్లీ మలుపుల ఉండంగనే తెలిసింది. ముందు నేలల నుంచి వచ్చింది, చెవికి తర్వాత. అల్మారల గిలాసలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నయి. వాకిట్ల వెనుకకు తీసేటప్పుడు ఆ మోత నా రొమ్ముల మోగింది. నేను లేచి కూసున్న. దర్వాజ కాడ మా ఇంటామె నిలబడి ఉంది.

రోజూ గిట్లనేనా అని అడిగిన. పాతది ఓటు వోయినప్పటి నుంచి గిట్లనే, కొత్తది వచ్చినంక ఇంకా జెర ఎక్కువ అన్నది. మరి ఎందుకు చెప్పలేదంటే తల దించుకున్నది.

"నువ్వు ఎంత ఖుషీగ వస్తవో ఆ సప్పుడుల తెలుస్తది. మంచిగ ఇల్లు చేరినవని కూడ తెలుస్తది. ఇగ ఏమని చెప్పాలె?"

నిద్ర చెడ్డందుకు ఆమె నన్ను తిట్టినా నాకు అంత బాధ కాకపోవు. టీచరమ్మ వాకిట్లనే ఉన్నది, లోపలికి రాలే. నా దోస్తును బండి దిగనిచ్చి, చాయ్ తాగుదురు రమ్మని వెనుకకు తీస్కపోయింది.

కొన్ని రోజులైనంక అడిగిన, ఇది మీకు ముందే తెల్సా టీచరమ్మా అని. పగలంత ఇంట్లనే ఉండేది ఆమెనే కదా. "అనుకున్న. తెల్వదు. ఆమె నోటితోని అన్నప్పుడే తెలిసింది" అన్నది.

కొత్తదాన్ని భాయ్‌కి వాపస్ ఇచ్చిన. మళ్ల పాత అతుకుదాన్నే ఏపిచ్చుకొని, ఆ అతుకు ఎప్పుడు ఊడుతదో అని, కంపెనీది వచ్చేదాంక బండి గల్లీ బయటనే ఆపి ఇంటికి నడిచి వచ్చిన. గేట్ల కాడ ఇప్పుడు హారన్ కొట్టాలె, ఒక్కోసారి దిగి పోయి చెప్పాలె. రోడ్డు మీద అసొంటి మోత వినవడితే ఇప్పటికీ నా మెడ అటే తిరుగుతది. ఆ ఆశ ఏడికీ పోలే. టీచరమ్మ కూడ దాన్ని తప్పని ఎన్నడూ అనలే.

ఆమెను కడసారి బండిల ఎక్కిచ్చుకున్నది పోయిన నెల, పింఛను పనికి సంగారెడ్డి పోతుంటే. పొద్దుగాల, చలి ఉంది. నేను స్టార్ట్ చేసి అద్దం తుడుస్తున్న. ఎంతకూ ఎక్కకపోతే, ఏమైందోనని దిగి చూసిన. బండి వెనుక ఒక చేత్తోని చీర కుచ్చిళ్లు పట్టుకొని, ఇంకొక అరచెయ్యిని పొగ గొట్టానికి జానెడు దూరంల పెట్టి, కండ్లు మూసుకొని నిలబడ్డది. పెదవులు కదులుతున్నయి. ఏం చేస్తున్నరని అడిగిన. పొగ ధార లెక్క వస్తలేదు, దెబ్బ దెబ్బకు ఆగి వస్తున్నది, ఎన్ని దెబ్బలో చూస్తున్న అన్నది. ఎన్నైనయంటే కండ్లు తెరవకుండనే తల అడ్డంగ ఊపింది.

"లెక్కకు దొరుకుతలేవు బిడ్డా. జెర ఆగు" అన్నది. నేను ఆగిన. ఆమె వేళ్ల నడుమ నుంచి తెల్లటి ఆవిరి ఎగిసి పోతున్నది. ఆమె మళ్ల ఒకటి నుంచి మొదలువెట్టింది.